వేగం కోసం కారు ఏం వదులుకుంది?

హాట్ హ్యాచ్, స్పోర్ట్స్ కారు, గ్రాండ్ టూరర్, మజిల్ కారు, సూపర్ కారు, హైపర్ కారు. కార్ల పిచ్చి ఉన్నవాళ్లు రోజూ వాడే ఈ పేర్లలో ఒక్కదానికీ మన చట్టంలో నిర్వచనం లేదు. తిరుపతిలో రిజిస్టర్ చేయిస్తే లంబోర్గినీకైనా ఆల్టోకైనా ఆర్సీ కార్డు మీద మోటారు కారు అనే రాసి ఇస్తారు. ఈ వర్గీకరణ అంతా అభిమానులు తమలో తాము వాదించుకుని, ఒప్పుకుని, మళ్లీ కాదనుకుని నిలబెట్టుకుంటూ వస్తున్న వ్యవహారం. ఇలాంటి చోట కొలబద్ద ఏదన్నది ముందు తేలాలి, లేకపోతే ఎవరు పట్టిన కుందేలుకు వాళ్లు మూడే కాళ్లంటారు. నా వరకు కొలబద్ద ఒక్కటే. ఒక పర్ఫార్మెన్స్ కారు ఏ వర్గానిదో తెలియాలంటే దాని బలం ఎంతో, ఇంజను ఎక్కడుందో, ధర ఎంతో అడగనక్కరలేదు, ఆ వేగం కోసం, ఆ ఆనందం కోసం అది దేన్ని వదులుకుందో అడిగితే చాలు.

బలాన్ని బట్టి వర్గం కట్టడం అందరికీ అలవాటు, ఎందుకంటే అంకె చెప్పడం తేలిక. ఆదివారం తెల్లవారుజామున చంద్రగిరి రోడ్డులో టీ కొట్టు దగ్గర కలిసే మా నలుగురైదుగురిలో అందరికంటే చిన్నవాడు ఈమధ్య మహీంద్రా బీఈ 6 కొన్నాడు. వెనక చక్రాలను తిప్పే విద్యుత్ మోటారు, 286 పీఎస్ (అంటే గుర్రపు బలం లెక్కలో) బలం, సున్నా నుంచి వంద కిలోమీటర్ల వేగానికి 6.7 సెకన్లని కంపెనీ చెప్పే లెక్క. దాన్ని పర్ఫార్మెన్స్ కారు అనడానికి నేను వెనకాడితే, "286 ఉండాది గదనా, ఇంగేం కావల్ల నీకి?" అని నిలదీశాడు. అడిగినదాంట్లో తప్పేమీ లేదు. జవాబు కూడా ఆ అంకెలోనే ఉంది. బీఎండబ్ల్యూ 1985 ప్రాంతంలో తెచ్చిన మొట్టమొదటి ఎం5 బలం కూడా సరిగ్గా 286 పీఎస్. నాలుగు తలుపులతో, కుటుంబమంతా కూర్చునే చోటుతో, చూడటానికి ఆఫీసుకు వెళ్లే పెద్దమనిషి కారులా ఉండే ఆ సెడాన్‌లోని మూడున్నర లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజను, అంతకు కొన్నేళ్ల ముందు అదే కంపెనీ చేసిన ఎం1 కారు ఇంజనుకు వారసురాలు. ఎం1 నేలకు కరుచుకుని పోయే రెండు సీట్ల బండి, ఇంజను సీట్ల వెనక ఉంటుంది, దాన్ని సూపర్ కారు అనడానికి ఎవరికీ అభ్యంతరం లేదు. అయితే దాని బలం 277 పీఎస్ మాత్రమే. అంకెనే నమ్ముకుంటే ఎం5ను ఎం1 కంటే పై మెట్టు మీద కూర్చోబెట్టి, దాని పక్కనే బీఈ 6కు పీట వేయాలి. అలా పేర్చిన మనిషిని నేను ఇంతవరకు చూడలేదు.

ఇంతకంటే గట్టి సాక్ష్యం జపాన్‌లో ఉంది. రోడ్డు ప్రమాదాలు పెరుగుతుంటే ప్రభుత్వం కన్నెర్ర చేస్తుందేమోనన్న జంకుతో, తమ దేశంలో అమ్మే కార్ల బలం 280 పీఎస్ దాటకూడదని అక్కడి కంపెనీలు తమలో తాము ఒక మాట అనుకుని 1989 నుంచి 2004 వరకు దాని మీద నిలబడ్డాయి. కొన్ని కంపెనీలు ఆ మాటను కాగితం మీద మాత్రమే నిలబెట్టుకున్నాయనుకోండి, అది వేరే సంగతి. ఫలితంగా 1990లలో హోండా ఎన్ఎస్ఎక్స్, టయోటా సుప్రా, నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్, మిత్సుబిషి లాన్సర్ ఎవల్యూషన్, దశాబ్దం చివరికి వచ్చేసరికి మాజ్దా ఆర్ఎక్స్-7 కూడా, బ్రోచర్‌లో ఒకే అంకెతో నిలబడ్డాయి. అన్నింటి బలమూ ఒకటే అయినప్పుడు అన్నీ ఒకే వర్గంలోకి రావాలి కదా? రాలేదు. బాడీ మొత్తం అల్యూమినియంతో కట్టి, సీట్ల వెనక ఇంజను పెట్టి, సామానుకు వెనక ఒక చిన్న అర మాత్రమే మిగిల్చిన ఎన్ఎస్ఎక్స్‌ను సూపర్ కారు అన్నారు. బరువుకు వెరవకుండా దూర ప్రయాణానికి మొగ్గిన సుప్రాను గ్రాండ్ టూరర్ అన్నారు. బుల్లి రోటరీ ఇంజను చుట్టూ తేలికగా అల్లిన ఆర్ఎక్స్-7 స్పోర్ట్స్ కారు అయింది. మామూలు కుటుంబ సెడాన్‌లోకి ర్యాలీ సరంజామా దించి, మెత్తటి ప్రయాణాన్ని పూర్తిగా మరిచిపోయిన ఎవల్యూషన్ మరో గుంపులో చేరింది. పదిహేనేళ్ల పాటు అంకెకు అందరికీ ఒకే హద్దు ఉన్నా అభిమానులు కార్లను విడదీస్తూనే వచ్చారంటే, వాళ్ల మనసులో ఉన్న తూనిక వేరే అన్నమాట.

ఆ తూనిక ఏమిటో స్పోర్ట్స్ కారు దగ్గర అన్నిటికంటే స్పష్టంగా కనిపిస్తుంది. 1989లో వచ్చిన మాజ్దా ఎంఎక్స్-5లో 1.6 లీటర్ల ఇంజను, నూటపదిహేను పీఎస్ చుట్టుపక్కల బలం. ఈరోజు మన ఊళ్లో కనిపించే హ్యుందాయ్ క్రెటా టర్బోకు 160 పీఎస్. అయినా క్రెటాను స్పోర్ట్స్ కారు అనేవాడు లేడు, ఎంఎక్స్-5ను కాదనేవాడూ లేడు. రెండే సీట్లు, గుడ్డ టాపు, చేతిసంచులు నాలుగు పడితే నిండిపోయే డిక్కీ, టన్ను లోపు బరువు. మిగిలినవన్నీ వదిలేసింది. అలా వదిలేసిన కారే 2016 నాటికి పది లక్షల మైలురాయి దాటి, ప్రపంచంలో అత్యధికంగా అమ్ముడైన రెండు సీట్ల స్పోర్ట్స్ కారుగా నిలిచింది. 1996 నాటి లోటస్ ఎలీజ్ ఇంకో నాలుగడుగులు ముందుకు వేసింది. అల్యూమినియం పట్టీలను జిగురుతో అతికించి చేసిన ఛాసీ, 725 కిలోల బరువు, మామూలు రోవర్ కారు నుంచి తెచ్చుకున్న 1.8 లీటర్ల ఇంజను. తలుపు కింద గట్టు ఎంత వెడల్పంటే, టాపు వేసి ఉన్నప్పుడు లోపలికి దూరడమే ఒక ఆసనం. కేటర్‌హామ్ సెవెన్‌కు అయితే సరైన తలుపులే ఉండవు.

ఇలా వదులుకోవడం వల్ల చేతికి దక్కేదేమిటో తెలుసుకోవడానికి వేగం అక్కరలేదని నాకు నేర్పినది తిరుమల మొదటి ఘాట్ రోడ్డు. 1944లో తెరిచిన ఆ రోడ్డును ఇప్పుడు దిగడానికి మాత్రమే వాడుతున్నారు. నిర్ణయించిన సమయం కంటే ముందే కిందికి చేరితే జరిమానా కట్టాలి, కట్టించడం న్యాయం కూడా. ఆ రోడ్డు మీద నా పాత ఫియట్ పాలియో 1.6ను రెండో గేరులో పెట్టి, బ్రేకు మీద కాలు నామమాత్రంగా ఆనించి, ముప్పై కిలోమీటర్ల వేగంతో దిగుతుంటే, ప్రతి మలుపులోనూ బరువు బయటి వైపు ముందు చక్రం మీదికి వాలడం, అది పట్టు అందుకోవడం, మలుపు విప్పుకునేసరికి స్టీరింగు తనంతట తాను వెనక్కి తిరగడం, అన్నీ అరచేతుల్లోకి వచ్చి చేరతాయి. వెనకే వచ్చే పెద్ద ఎస్‌యూవీకి నా కారుకు రెట్టింపు బలం ఉండొచ్చు. అలిపిరి దగ్గరకు వచ్చేసరికి దాని చక్రాల దగ్గర కాలిన బ్రేకుల వాసన కూడా ఉంటుంది, ఎందుకంటే బరువు దేన్నీ ఊరికే వదిలిపెట్టదు. ఇక అసలైన వేగమే కావాలంటే శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగట్టుకోట్టైలో రేసు ట్రాక్ ఉంది, పొద్దున్నే బయలుదేరితే మధ్యాహ్నానికల్లా కోరిక తీరుతుంది. ఘాట్ రోడ్డును, మొగిలి ఘాటును, భాకరాపేట ఘాటును ట్రాక్ అనుకునేవాళ్లతో నాకు మాటలు లేవు.

హాట్ హ్యాచ్, అంటే బలం పెంచిన మామూలు చిన్న కారు, దగ్గర నా కొలబద్దకు మొదటి పరీక్ష ఎదురవుతుంది, ఎందుకంటే చూడబోతే అది దేన్నీ వదులుకున్నట్టు కనిపించదు. 1975లో ఫ్రాంక్‌ఫర్ట్ మోటార్ షోలో ఫోక్స్‌వ్యాగన్ చూపించిన గోల్ఫ్ జీటీఐలో 1.6 లీటర్ల ఇంజను, 110 పీఎస్, ఎనిమిది వందల కిలోల పైచిలుకు బరువు. మొదట అనుకున్నది 5,000 కార్లే, ఆ మొదటి తరమే నాలుగు లక్షలు దాటి అమ్ముడుపోయింది. నలుగురు కూర్చోవచ్చు, సామాను పెట్టుకోవచ్చు, వారమంతా ఆఫీసుకు తిప్పి ఆదివారం కొండ ఎక్కించవచ్చు. మరి అది వదులుకున్నదేమిటి? రెండు విషయాలు. ఒకటి మెత్తదనం, స్ప్రింగులు బిగించి కారును కిందికి దించారు కాబట్టి. రెండోది హోదా. అదే డబ్బుతో పెద్ద సెడాన్ కొనుక్కుని నలుగురిలో గౌరవం పొందగలిగినవాడు, పక్కింటివాళ్ల కారులాగే కనిపించే చిన్న కారు కొన్నాడు. మనలాంటి చోట ఈ రెండోది చిన్న త్యాగమేమీ కాదు. పెళ్లికి వెళ్తే కారు పొడవు చూసి కుర్చీ వేసే బంధువులు ఎవరికి లేరు?

మన దేశంలో హాట్ హ్యాచ్ చరిత్ర పన్ను చరిత్రతో ముడిపడి ఉంది. 2006 కేంద్ర బడ్జెట్‌లో నాలుగు మీటర్ల లోపు పొడవు, పెట్రోలు అయితే 1.2 లీటర్ల లోపు, డీజిల్ అయితే 1.5 లీటర్ల లోపు ఇంజను ఉన్న కార్లకు ఎక్సైజు సుంకాన్ని 24 శాతం నుంచి 16 శాతానికి తగ్గించారు. ఆ గీత గీసిన తరువాత, చిన్న కారులో పెద్ద ఇంజను పెట్టే పాలియో 1.6 తరహా ఆలోచన దాదాపు చచ్చిపోయింది. గీత లోపల ఉంటూనే బలం పెంచాలంటే ఇంజనులోకి గాలిని ఒత్తి పంపే టర్బో ఒక్కటే దారి కాబట్టి పోలో జీటీ టీఎస్ఐ, బలేనో ఆర్ఎస్, టియాగో జేటీపీ, ఐ20 ఎన్ లైన్, ఆల్ట్రోజ్ రేసర్, అన్నీ లీటరు, 1.2 లీటర్ల టర్బోలతోనే వచ్చాయి. వీటిలో చాలావాటిని నేను హాట్ హ్యాచ్ అనను, వార్మ్ హ్యాచ్ అంటాను. ఎన్ లైన్ 120 పీఎస్ ఇంజను మామూలు ఐ20 టర్బోలోనూ దొరికేది. సస్పెన్షన్ కాస్త బిగించారు, ఎగ్జాస్టు కాస్త గొంతు సవరించుకుంది, ఎర్ర గీతలు దిద్దారు. నడపడానికి బాగానే ఉంటుంది. కానీ తయారుచేసినవాడు దాని కోసం దేన్నీ పణంగా పెట్టలేదు.

దానితో 2015లో వచ్చిన అబార్త్ పుంటోను పోల్చి చూడండి. 1.4 లీటర్ల టర్బో ఇంజను, 145 పీఎస్. ఇంజను గీత దాటింది కాబట్టి తక్కువ పన్ను పోయింది, కారును నేలకు దించారు కాబట్టి మన స్పీడ్ బ్రేకర్ల దగ్గర నిశ్చింత పోయింది, మైలేజీ సంగతి అడగకూడదు. పది లక్షల లోపు ధరలో ఇన్ని వదులుకున్న కారు మన దేశంలో మళ్లీ రాలేదని కాణిపాకంలో ప్రమాణం చేసి చెప్పమన్నా చెబుతాను. ఆ మరుసటి ఏడాది వచ్చిన పోలో జీటీఐ 1.8 లీటర్ల ఇంజనుతో 192 పీఎస్ ఇచ్చింది, అయితే మూడు తలుపులతో వచ్చింది, దాదాపు 26 లక్షల ధరతో వచ్చింది. వెనక సీటుకు తలుపు లేని కారును మన ఇళ్లలో కారుగానే లెక్కవేయరని ఎరిగి ఉండి కూడా తెచ్చారంటే, అది అచ్చమైన హాట్ హ్యాచే. కొనగలిగినవాళ్లు ఎందరన్నది వర్గానికి సంబంధించిన ప్రశ్న కాదు.

ఇక్కడే మా చిన్నవాడు ఇంకో మాట అన్నాడు, అది తేలిగ్గా తోసిపుచ్చదగ్గది కాదు. "వదులుకునేది రెండు కార్లు ఉండేవాళ్ల ముచ్చటనా. మా ఇంట్లో ఉండేది ఒగటే కారు. అమ్మను వేలూరికి ఆస్పత్రికి పిల్చకపోవాల, పిల్లోళ్లను బడికాడ దించాల, నేను కొండెక్కితే నవ్వుకోవాల. అన్నీ ఒగదాంట్లోనే ఉండాల." నిజమే. రెండు సీట్ల కారు కొనాలంటే ఇంటి ముందు నాలుగు సీట్ల కారు ముందే ఉండాలి. అలాంటప్పుడు త్యాగాన్ని కొలబద్ద చేయడమంటే డబ్బును దొడ్డిదారిన లోపలికి రానివ్వడమే కాదా? నా సమాధానం ఇది. కారు వదులుకున్నది ఎంత పెద్దదన్నది నేను కొలవడం లేదు, ఏది వదులుకుందన్నది మాత్రమే చూస్తున్నాను. పదేళ్ల వయసున్న అబార్త్ పుంటో ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లో కొత్త బీఈ 6 ధరలో చిన్న వంతుకే దొరుకుతుంది, వేలూరికీ వెళ్తుంది, బడికీ వెళ్తుంది, దారి పొడవునా నడుముకు మాత్రం తన సంగతి గుర్తుచేస్తూ ఉంటుంది. అన్నీ ఒకదాంట్లోనే కావాలనుకునే ఇంటివాడి త్యాగానికి ఉన్న పేరే హాట్ హ్యాచ్. అందుకే ఈ మొత్తం జాబితాలో నాకు అన్నిటికంటే గౌరవం ఆ వర్గం మీద.

ఇంజను ఎక్కడుందన్నదాన్ని బట్టి సూపర్ కారును గుర్తుపట్టవచ్చని కొందరు గట్టిగా నమ్ముతారు. 1966లో లంబోర్గినీ మియురా పన్నెండు సిలిండర్ల ఇంజనును సీట్ల వెనక అడ్డంగా పెట్టుకుని వచ్చినప్పటి నుంచి ఈ నమ్మకానికి బలం చేకూరింది. కానీ 1972 నాటి ఫియట్ ఎక్స్1/9లోనూ, 1984 నాటి టయోటా ఎంఆర్2లోనూ ఇంజను సరిగ్గా అక్కడే ఉంది, ఒకదాంట్లో 1.3 లీటర్లు, ఇంకోదాంట్లో మహా అయితే 1.6 లీటర్లు, వాటిని ఎవరూ సూపర్ కార్లు అనలేదు. ఇంజను వెనక ఉండటమే గొప్ప అయితే టాటా నానోను పోర్షే 911కు తమ్ముడనాలి. 2019లో షెవ్రొలే కార్వెట్ తన ఇంజనును ముందు నుంచి మధ్యకు జరుపుకున్నప్పుడు, అది ఇప్పుడు సూపర్ కారా అని అమెరికాలో పెద్ద చర్చే నడిచింది. ముందొక అర, వెనకొక అర, అరవై వేల డాలర్ల లోపు మొదలైన ధర, రోజూ నడుపుకోదగిన పొందిక. అది దేన్నీ గట్టిగా వదులుకోలేదు, బాగా పెరిగిన స్పోర్ట్స్ కారు అనడమే సబబు. సూపర్ కారు వదులుకునేది ఇంగితాన్ని. లంబోర్గినీ కౌంటాష్‌లో వెనకకు చూపు ఆననందువల్ల, రివర్స్ చేయాలంటే తలుపు పైకెత్తి గట్టు మీద కూర్చుని వెనక్కి తిరిగి చూసేవారు. 1987 నాటి ఫెరారీ ఎఫ్40లో కార్పెట్ లేదు, రేడియో లేదు, తలుపు లోపలి పిడికి బదులు ఒక తీగ వేలాడుతుంది. కోటీశ్వరుడు తీగ లాగి తలుపు తీసుకునే కారు అది. ఆ తీగలోనే దాని వర్గం ఉంది.

మజిల్ కారు, అంటే మామూలు కారులో భారీ ఇంజను, దాని గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. మధ్యస్థమైన కార్లలో 330 ఘనపు అంగుళాలకు మించిన ఇంజను పెట్టకూడదని జనరల్ మోటార్స్ లోపల నిబంధన ఉంటే, పాంటియాక్ విభాగంవాళ్లు 389 అంగుళాల వీ8ను కారుతో పాటు రాని, కోరితేనే అమర్చే ప్యాకేజీగా చూపించి 1964లో జీటీఓ తెచ్చారు. అది వదులుకున్నది మలుపును. తిన్నటి రోడ్డు మీద, సిగ్నల్ నుంచి సిగ్నల్‌కు, తన రాజ్యం తనది. గ్రాండ్ టూరర్ దీనికి తిరగేత, అది తేలికదనాన్ని వదులుకుని దూరాన్ని కొనుక్కుంటుంది. బెంగళూరుకు మధ్యాహ్నం భోజనానికి వెళ్లి, అలసట లేకుండా సాయంత్రానికి చిత్తూరు తిరిగిరాగలిగితే చాలునన్నది దాని ధోరణి.

హోమోలోగేషన్ కార్ల దగ్గర మాత్రం ఆగాలి. రేసులో లేదా ర్యాలీలో పాల్గొనాలంటే అదే రకం కార్లు ఇన్ని తయారుచేసి మామూలు జనానికి అమ్మి ఉండాలన్న నిబంధన వల్ల పుట్టినవి ఇవి. 1980ల గ్రూప్ బీ ర్యాలీలకు 200 కార్లు, ఆ తరువాత గ్రూప్ ఏకు 5,000 కార్లు అవసరమయ్యాయి. లాన్సియా డెల్టా ఇంటెగ్రాలే, మొదటి బీఎండబ్ల్యూ ఎం3 ఆ లెక్క కోసం వచ్చినవే. ఈ మధ్యకాలపు ఉదాహరణ 2020 నాటి టయోటా జీఆర్ యారిస్. మామూలు యారిస్‌కు ఐదు తలుపులుంటే దీనికి మూడు, పైకప్పు వేరు, వెనక సగం ఇంకో కారు నుంచి తెచ్చి అతికించారు, మూడు సిలిండర్ల 1.6 లీటర్ల ఇంజనును దీని కోసమే కొత్తగా చేశారు. మిగిలిన వర్గాల్లో వదులుకునేది కొనేవాడు. ఇక్కడ అమ్మేవాడు లాభాన్ని వదులుకుంటాడు. ఒక కంపెనీ ఏ చిన్న కారు మీదా ఇంత శ్రమ పెట్టదని తెలిసినవాడికి జీఆర్ యారిస్ ఎందుకు అంత ముద్దొస్తుందో వేరే చెప్పనక్కరలేదు.

హైపర్ కారుతో నాకు పేచీ. 2005 నాటి బుగాటీ వేరాన్‌కు 1,001 పీఎస్ బలం, గంటకు నాలుగు వందల కిలోమీటర్లు దాటే వేగం, నాలుగు చక్రాలకూ శక్తి, మెత్తటి తోలు సీట్లు, చల్లటి ఏసీ, పెద్దావిడను కూర్చోబెట్టుకుని వెళ్లగలిగే సౌఖ్యం. ఇంజనీరింగ్‌గా అది అద్భుతం, అందులో నాకు సందేహం లేదు. కానీ డబ్బు తప్ప దేన్నీ వదులుకోని కారు అది. బరువు రెండు టన్నులకు చేరువైనా, ఆ బరువును మరింత బలంతో కప్పిపుచ్చింది. 2013 ప్రాంతంలో వచ్చిన ఫెరారీ లాఫెరారీ, మెక్‌లారెన్ పీ1, పోర్షే 918 స్పైడర్ తరువాత ఈ పేరు స్థిరపడింది, ఇప్పుడు ఎవరు వెయ్యి పీఎస్ దాటించినా అదే పేరు పెట్టేస్తున్నారు. మన మహీంద్రా చేతిలోని పినిన్‌ఫరీనా చేసిన బటిస్టా విద్యుత్ కారుకు 1,900 పీఎస్. వింత ఏమిటంటే, లే మాన్స్ 24 గంటల రేసులో 2021 నుంచి హైపర్ కార్ అన్న పేరుతోనే అగ్రశ్రేణి వర్గం నడుస్తోంది, అక్కడ బలానికి పెట్టిన పరిమితి దాదాపు 680 పీఎస్. షోరూములో వెయ్యి దాటించి తెచ్చుకుంటున్న పేరు రేసులో ఏడు వందల లోపే వస్తోంది. నా లెక్కలో హైపర్ కారు అనేది ధరల పట్టికలో ఒక వరస, అంతే.

ఇక విద్యుత్ కార్లు. మోటారు బలం చవక అయిపోయాక 286 అన్న అంకెకు 1985లో ఉన్న విలువ ఇప్పుడు లేదు. అప్పుడు అంత బలం రాబట్టాలంటే ఇంజనులో, గేరుబాక్సులో, బ్రేకుల్లో ఎంత పని ఉండేదో అందరికీ తెలుసు. కొన్ని వందల కిలోల బ్యాటరీని నేల కింద పరిచి, పెద్ద తెరలు, గాజు పైకప్పు, ఐదు సీట్లు ఏదీ తగ్గించకుండా అంత బలం ఇచ్చినప్పుడు వచ్చేది వేగమైన కారు, చాలా మంచి కారు కూడా. తిరుమల ఎక్కే విద్యుత్ బస్సులను చూసినవాడెవడూ ఆ మోటార్ల సత్తాను శంకించడు. కానీ వేగంగా వెళ్లే ప్రతి కారునూ పర్ఫార్మెన్స్ కారు అనాల్సిన అవసరం నాకు కనిపించదు. విద్యుత్ మోటారుతోనే, బ్యాటరీని సగానికి కోసి, సీట్లు రెండుకు తగ్గించి, బరువు టన్ను దగ్గర ఆపిన కారు ఎవరైనా తెస్తే, దాని బలం నూటయాభై అయినా దాన్ని నేను స్పోర్ట్స్ కార్ల పక్కనే పెడతాను.

నా కొలబద్దకు లొంగని కారు కూడా ఒకటుంది, దాచిపెట్టడం ధర్మం కాదు. 2000 ప్రాంతపు హోండా సిటీ 1.5 వీటెక్. 106 పీఎస్, తేలికపాటి బాడీ, రెడ్ లైన్ (ఇంజను తిరగగలిగే గరిష్ఠ హద్దు) వైపు పరుగెత్తే ఇంజను, చూడటానికి మాత్రం బ్యాంకు మేనేజరు కారు. దీన్ని స్లీపర్ అంటారు. నలుగురు ఎక్కితే స్పీడ్ బ్రేకరుకు కడుపు తగిలేదన్న మాట పక్కన పెడితే, అది దేన్ని వదులుకుందో నేను చెప్పలేను. అయినా దాన్ని ఈ జాబితాలోంచి తీసేయడానికి మనసొప్పదు.

చివరగా, చాలామంది స్పోర్ట్స్ కారు కానే కాదని కొట్టిపారేసే ఒక కారు. 1989లో లోటస్ తెచ్చిన ఎలాన్ రెండు సీట్ల, గుడ్డ టాపు కారే గానీ, శక్తి ముందు చక్రాలకు వెళ్తుంది, ఇంజను లోటస్‌ది కాదు, ఇసుజుది. ముందు చక్రాలతో నడిచేది స్పోర్ట్స్ కారెలా అవుతుందని అప్పట్లోనే పెదవి విరిచారు. అదే ఏడాది వెనక చక్రాలతో, తక్కువ ధరతో ఎంఎక్స్-5 రావడంతో ఎలాన్ అమ్మకాలు కుంగిపోయాయి. తరువాత దాని హక్కులు కొనుక్కున్న కియా 1996 నుంచి కొన్నేళ్లు తన ఇంజనుతో దాన్ని కొరియాలో తయారుచేసింది. ఇసుజు ఇప్పుడు మన శ్రీసిటీలో పికప్ బండ్లు చేస్తోంది, కియా పెనుకొండ దగ్గర ఎస్‌యూవీలు చేస్తోంది. ఒకే వివాదాస్పద స్పోర్ట్స్ కారుతో చుట్టరికం ఉన్న రెండు కంపెనీలు మన రాష్ట్రంలోనే ఉన్నాయన్నమాట. ఎలాన్ వెనక సీట్లను, గట్టి పైకప్పును, చివరికి తనవాళ్లనుకున్న అభిమానుల మెప్పును కూడా వదులుకుంది. ఏ చక్రాలు లాగినా సరే, నా జాబితాలో అది స్పోర్ట్స్ కారే.